లోయిజా ఏడో కంప్యూటరు

ఆ శనివారం మధ్యాహ్నం మా వంటగది బల్ల మీద మూడు చచ్చిన కంప్యూటర్లున్నాయి. ఏదో ఆఫీసు వాళ్లు పారేసినవి. మూడు విప్పితే ఒక మంచిది తయారవుతుంది. పెట్టె అక్కర్లేదు, తెర అక్కర్లేదు. బోర్డును పాత చెక్క సొరుగులో బిగించి, ఫ్యాను తగిలించి కరెంటూ, ఇంటర్నెట్టూ ఇస్తే చాలు, శాస్త్రవేత్తల కోసం రాత్రింబవళ్లు లెక్కలు చేసుకుంటూ పోతుంది. ఎవరూ పైసా ఇవ్వరు. ప్రాజెక్టు వాళ్ల వెబ్‌సైటు జాబితాలో మన పేరు కనిపిస్తుంది, అంతే. దానికే మేం మురిసిపోయేవాళ్లం.

మేం అంటే నేనూ, లోయిజా. నేను ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని. అతను ఒస్త్రవ బొగ్గు గనుల్లో నడుం అరగదీసుకున్నవాడు, మా బిల్డింగులోనే నాలుగో అంతస్తు. దగ్గరికొస్తే చాలు, నడుముకి రాసుకునే మెంథాల్ స్పిరిట్ వాసన గుప్పుమనేది. నా కంప్యూటర్లకి నేను పుట్టగొడుగుల పేర్లు పెట్టుకుంటాను. అతనికంత ఓపికేదీ! లోయిజా-1, లోయిజా-2, అలా ఆరు. సెల్లారులో సామాన్లు పెట్టుకునే తన కొట్టులో వరసగా పెట్టి, ఆ వేడికి పుట్టగొడుగులు ఎండబెట్టుకునేవాడు.

మా పనిలో ఒక పద్ధతుంది. ప్రతి లెక్కా రెండిళ్లకి వెళ్తుంది. రెండు జవాబులూ కలిస్తేనే ఒప్పుకుంటారు. ఒకటే వస్తే అది రెండోదాని కోసం అలా ఎదురుచూస్తూ ఉండిపోతుంది. మాది చిన్న ప్రాజెక్టు కాబట్టి తరచు లోయిజాకీ నాకూ జత పడేది.

నవంబరు పధ్నాలుగున లోయిజా ఆ కొట్టులోనే గుండె ఆగి పోయాడు. పోయేముందు నాకు రెండుసార్లు ఫోను చేశాడు. మధ్యాహ్నం రెండూ ఇరవైకి ఒకసారి, రెండూ నలభైకి ఒకసారి. ఏడో కంప్యూటరు బిగిస్తున్నానని పొద్దున్నే బోలెడు గొప్పలు పోయాడు, మళ్లీ అవే వినాలా అని విసుగేసి ఎత్తలేదు. అరగంట ముందు ఎవరైనా చూసుంటే బతికేవాడని డాక్టరు అన్నాడు. ఫోను సంగతి ఎవరికీ చెప్పలేదు. అతని భార్య హెడ్వికాకి అసలే చెప్పలేను. తెలిస్తే ఆవిడ జన్మలో నా మొహం చూడదు. ఆవిడే నాకు కొట్టు తాళం ఇచ్చి, "అన్నీ నువ్వే తీసుకుపో క్వేతా, ఆ చప్పుడు నేను వినలేను" అంది. సిగ్గు లేకుండా తీసుకున్నాను. ఆరు దొరికాయి. ఏడోది కనిపించలేదు. పూర్తికాలేదేమో అనుకున్నాను.

మూడు వారాల తరవాత, ఆ శనివారం జాబితా తెరిస్తే ఇలా ఉంది: లోయిజా-7. చివరిసారి పలికింది పదకొండు నిమిషాల క్రితం.

నాకు భయం వెయ్యలేదు. ఒళ్లు మండింది. కంప్యూటరు పేరు దాని డిస్కులోనే ఉంటుంది. ఆ డిస్కు ఎవరు పెట్టుకున్నా పాత పేరే పలుకుతుంది. అంటే ఏడోదాన్ని ఎవరో ఎత్తుకెళ్లి వాడుకుంటున్నారు. కొట్టు రెండో తాళం కేర్‌టేకర్ రదోవన్ దగ్గరే ఉంటుంది. శవాన్ని మొదట చూసిందీ అతనే.

కిందికి దిగితే రదోవన్ సెల్లారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, నా కోసమే కాపు కాసినట్టు.

"ఏంటి టీచరమ్మా, పోయినాయన కొట్లో కాపురం పెట్టారా? పొద్దస్తమానం గుయ్యిమని ఒకటే రొద!"

"నేనా? ఖాళీ చేసి రెండు వారాలైంది. రెండో తాళం నీ దగ్గరే కదా ఉంది?"

"అంటే దొంగననా? ముప్పై ఏళ్లుగా మీ అందరి చెత్తా మోస్తున్నందుకు బాగానే సన్మానం చేశారు!"

"మరి రొద ఎవరిది?"

"అదే మిమ్మల్ని అడుగుతున్నా."

ఇద్దరం ఒకరినొకరు నమ్మకుండానే దిగాం. సెల్లారు లైటు బటను నొక్కితే రెండు నిమిషాలే వెలుగుతుంది. పొడుగాటి నడవ, రెండు వైపులా చెక్క పలకల కొట్లు. తడి సిమెంటు వాసన. ఎండిన పుట్టగొడుగుల వాసన. దాని వెనక ఇంకోటి... మెంథాల్.

తాళం తీశాను. కొట్టు ఖాళీ. అరలు ఖాళీ. దారానికి గుచ్చిన పుట్టగొడుగులు మాత్రం వేలాడుతున్నాయి. కానీ ఫ్యాను తిరుగుతోంది. చిన్న ఫ్యాను, తిరిగినప్పుడల్లా ఎక్కడో కొంచెం రాసుకుంటూ. పై అర మీద చెయ్యి పెట్టాను. చెక్క వెచ్చగా ఉంది, ఇప్పుడే పాలగిన్నె దించినట్టు.

టక్.

లైటు ఆరిపోయింది.

"గోడ వెనక ఏదో దాచారు మీరు," అన్నాడు రదోవన్. గొంతు తగ్గిపోయింది. "ఉండండి. సెల్లారు మొత్తానికి కరెంటు తీసేస్తా. ఎవరి బండారమో బయటపడుతుంది."

అడుగులు మెట్ల వైపు వెళ్లాయి. చీకట్లో నేనూ, ఆ చప్పుడూ మిగిలాం. ఫ్యూజుల డబ్బా ఇనప తలుపు కిర్రుమంది.

"తీశావా?"

"తీశా..."

"అబద్ధం. ఇంకా తిరుగుతోంది."

అతను తడుముకుంటూ వచ్చాడు. నా అరచేతిలో చల్లగా, నున్నగా ఏదో పెట్టాడు. పింగాణీ ఫ్యూజు.

"ఇదిగో... నా చేత్తోనే ఊడబీకాను టీచరమ్మా," అని గుసగుసలాడాడు.

ఫ్యాను ఆగలేదు. ఇంకా దగ్గరికొచ్చింది. నా చెవి పక్కన వెచ్చటి గాలి. మెంథాల్ వాసన ఎంత ఘాటుగా ఉందంటే కళ్లలో నీళ్లొచ్చాయి. వాసనకో, భయానికో, సిగ్గుకో... నోరు దానంతటదే తెరుచుకుంది.

"విన్నాను లోయిజా. రెండుసార్లూ విన్నాను. కావాలనే ఎత్తలేదు..."

ఫ్యాను ఆగింది.

రదోవన్ చాలా మెల్లగా అడిగాడు. "ఆరోజు మీకు ఫోను చేశాడా? హెడ్వికమ్మకి తెలుసా?"

ఫ్యూజు అతని చేతిలో పెట్టి, గోడ పట్టుకుని పైకొచ్చేశాను.

వంటగదిలో జాబితా ఇంకా తెరిచే ఉంది. నవంబరు పధ్నాలుగు నాటి లెక్క ఒకటి ఇన్నాళ్లూ ఎదురుచూస్తూ ఉండిపోయిందట. మొదటి జవాబు లోయిజా-7 ది. రెండోది ఇప్పుడే చేరింది. రెండూ కలిశాయి, ఒప్పుకున్నారు. రెండోది పంపిన కంప్యూటరు పేరు క్వేతా. నా కంప్యూటరు దేనికీ నా పేరు లేదు. దాని కిందే ఇంకో కొత్త లెక్క. మళ్లీ లోయిజా-7 కీ, క్వేతాకీ జత. గడువు మంగళవారం మధ్యాహ్నం రెండూ నలభై.

ఇవాళ మంగళవారం. కంప్యూటర్లన్నీ ఆపేశాను. తీగలన్నీ ఊడబీకి వసారాలో పడేశాను. పొద్దున హెడ్వికా దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. తలుపు వేసేసుకుంది. లోయిజా నంబరు రద్దు చేయించి వారమైందని మాత్రం వేసేముందు చెప్పింది. ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు.

రెండూ ఇరవైకి నా ఫోను మోగింది. తెర మీద లోయిజా పేరు. ఎత్తలేదు. చేతులు రాలేదు. మోత ఆగిపోయాక ఇదంతా కాగితం మీద రాస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు రెండూ నలభై. మళ్లీ మోగుతోంది. ఈసారి ఎత్తాలి. ఫోను కోసం చెయ్యి చాపాను... దాని కింద బల్ల చెక్క వెచ్చగా ఉంది.