ఊపిరి బిగబట్టని ఫోటో

"అయితే మేం పెళ్లికి రాం అన్నయ్యా! ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ప్రతి ఫోటో తీసిన మనిషి ఇవాళ పనికిరాకుండా పోయారా? పరాయివాళ్లలా వచ్చి, తిని, చేతులు కడుక్కుని పోవడానికైతే మేమెందుకు?"

హాలు మధ్యలో నిలబడి ఆడపడుచు బావురుమంది. ఇంటాయన గబగబా పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఇల్లాలు కంగారుగా ఆమె దగ్గరికి వచ్చింది. తను అన్నదల్లా ఒక్క మాట... "అమ్మాయి పెళ్లికి ఫోటోలు బయటివాళ్లతో తీయిద్దాం" అని. అంతమాత్రానికే ఇల్లు పీకి పందిరేసినంత పనయింది.

ఆడపడుచు భర్త, అంటే ఆ ఇంటి బావగారు, బంగారంలాంటి మనిషి. పిలిస్తే పలుకుతాడు, అర్ధరూపాయి ఆశించడు. అయితే కెమెరా చేతికొస్తే మాత్రం పోలీసైపోతాడు! కెమెరా కొన్న కొత్తలో ఆయనకెవరో చెప్పారట, ఫోటో తీసేటప్పుడు ఊపిరి బిగబట్టాలి, లేకపోతే కదిలిపోతుందని. ఆ మాట తీసేవాడికి చెప్పిందని ఆ మహానుభావుడికి తట్టనే లేదు! ఎదురుగా నిలబడ్డవాళ్లందరిచేతా బిగబట్టించడం మొదలుపెట్టాడు. "రెడీ... ఊపిరి బిగబట్టండి!" అనడం, ఆ తర్వాత తీరిగ్గా కెమెరా అద్దం తుడుచుకోవడం! ఆ ఇంటి ఆల్బమ్ ఏ పేజీ తిప్పినా పిల్లాపెద్దా అంతా బుగ్గలు పొంగించుకుని, కళ్లు తేలేసి, నీళ్లలో మునగబోతున్నట్టు ఉంటారు. ఇప్పుడది ఎంత అలవాటైపోయిందంటే, కెమెరా కనబడితే చాలు, ఎవరూ చెప్పకుండానే బిగబట్టేస్తారు. కూతురి ఆఫీసు గుర్తింపు కార్డులో కూడా అదే ముఖం!

ఇల్లాలి బాధ ఎవరికి చెప్పుకుంటుంది? ఆ పిల్ల నవ్వితే ముక్కు మీద ముడతలు పడతాయి, కళ్లు మూసుకుపోతాయి, పక్కనెవరుంటే వాళ్ల భుజం మీద వాలిపోతుంది. ఆ నవ్వు ఒక్కటంటే ఒక్క ఫోటోలోనూ లేదు! రేపు పిల్ల తన ఇంటికి తను వెళ్లిపోయాక, ఈ తల్లి ఏం చూసుకుని పొద్దుపుచ్చాలి?

"పోనీలేవే, బావ మనసు కష్టపెట్టడం ఎందుకు?" అన్నాడు ఇంటాయన పేపరు వెనకనుంచి.

"మీ చెల్లెలికి నేను నచ్చజెప్పుకుంటానండీ. నా కూతురు పెళ్లిపీటల మీద కూడా బుగ్గలు పొంగించుకుని కూర్చుంటే మాత్రం నేను చూడలేను!" అంది ఇల్లాలు. కళ్లు తుడుచుకుంది గానీ పట్టు వదల్లేదు.

మర్నాడే కూతుర్ని వెంటబెట్టుకుని స్టూడియోలకు బయల్దేరింది. మొదటి స్టూడియోలో గాజు బల్ల మీద ఇటుకంత ఆల్బమ్ పెట్టారు. పెళ్లికూతురు చందమామ మీద, పెళ్లికొడుకు మేఘాల్లో! "అంతా బాగుంది బాబూ, మరి వీళ్లమ్మ ఏదీ?" అని అడిగింది ఇల్లాలు. "గ్రూపు ఫోటోలో ఉంటుందండీ" అన్నాడతను నసుగుతూ. ఇల్లాలు లేచి నిలబడింది.

రెండోది మేడమెట్ల కింద చిన్న గది. అక్కడున్న ఫోటోలావిడ నడివయసు మనిషి, గడగడా మాట్లాడేస్తుంది. "ఏరిపెట్టినవి వద్దమ్మా, ఒకే పెళ్లి మొదట్నుంచి చివరిదాకా చూపించు" అంది ఇల్లాలు. ఆవిడ కంప్యూటర్ తెరిచి కుర్చీ ఇటు తిప్పింది. చెప్పులు కనబడక వెతుక్కునే ముసలాయన, పెళ్లికూతురి జడ సర్దుతూ పెదవి కొరుక్కుంటున్న తల్లి, వంటగది గుమ్మంలో పగలబడి నవ్వుతున్న అక్కచెల్లెళ్లు... చూస్తూ చూస్తూ ఇల్లాలు కూడా నవ్వేసింది.

"వీళ్లనిలా నవ్వమని ఎలా చెప్పావమ్మా?"

"చెప్తే ఎవరూ నవ్వరండీ, పళ్లు చూపిస్తారు! ఇంతకీ మీవాళ్లలో కెమెరా చూస్తే బిగుసుకుపోయేదెవరో చెప్పండి."

"అందరూనమ్మా!" అన్నారు తల్లీకూతుళ్లు ఒక్కసారే.

పెళ్లికి ఆడపడుచు వచ్చింది. వదిన ఫోన్లో ఎంత బతిమాలుకుంటే వచ్చిందో! ముఖం మాత్రం ముడుచుకునే ఉంది. బావగారు కెమెరా లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఓసారి జేబులో, ఓసారి వీపు వెనక దాచుకుంటూ హాలంతా తిరుగుతున్నాడు. ఆయన్ని చూస్తే ఇల్లాలికి ప్రాణం ఉసూరుమంది. తప్పు చేశానా... అనిపించింది.

గ్రూపు ఫోటోకి అందరూ స్టేజీ ఎక్కారు. బావగారు అలవాటు కొద్దీ కిందే, ఫోటోలావిడ పక్కన నిలబడిపోయాడు.

"ఇక్కడేం చేస్తున్నారండీ? పైకెక్కండి, మీ ఆవిడ పక్కన ఖాళీగా ఉంది!" అని ఆవిడ గదమాయించింది.

బావగారు ఎక్కాడు. కెమెరా లేచిందో లేదో, పెళ్లికూతురి తరఫువాళ్లంతా గప్‌చుప్‌గా ఊపిరి బిగబట్టేశారు! అందరికంటే గట్టిగా బావగారే బిగబట్టి, ఎర్రగా కందిపోయాడు. పెళ్లికొడుకు వైపువాళ్లు బిత్తరపోయి చూస్తున్నారు.

ఒక్కటి నొక్కి, "అయిపోయిందండీ, థాంక్స్!" అంటూ ఆవిడ కెమెరాని గుండెల దాకా దించేసింది.

"హమ్మయ్య!" అన్నారంతా ఒక్కపెట్టున.

"ఏంటి, ఇంతసేపూ మీరెవరూ గాలి పీల్చలేదా?" అని పెళ్లికొడుకు కంగారుగా అడిగేసరికి పెళ్లికూతురు పకపకా నవ్వి తల్లి భుజం మీద వాలిపోయింది. దాంతో స్టేజీ స్టేజీయే గొల్లున నవ్వింది! ఫోటోలావిడ గుండెల దగ్గర కెమెరా మాత్రం ఫోటో మీద ఫోటో తీస్తూ టకటకా కొట్టుకుంటూనే ఉంది.

ఫోటోలు రాగానే ఇల్లాలు ఆ నవ్వుల ఫోటో ఒక్కదాన్నీ పెద్దది చేయించి తెప్పించింది. కూతురి ముక్కు మీద ముడతలు చూసి తనివితీరా ఏడ్చింది, నవ్వింది. గోడకి మేకు కొట్టబోతుంటే ఆడపడుచు, బావగారు వచ్చారు.

"నాకింత బట్టతల ఉందా చెల్లెమ్మా!" అన్నాడు బావగారు ఫోటో చూసి నిర్ఘాంతపోతూ.

ఆడపడుచు ఫోటో మీదికి వంగింది. ఫోటోలో ఆయన కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు, రెండోచెయ్యి ఆమె భుజం మీద ఉంది. దాన్నే వేలితో తడుముతూ ఉండిపోయింది. కళ్లల్లోంచి జలజలా నీళ్లు రాలాయి.

"మా పెళ్లి ఫోటో తర్వాత మేమిద్దరం కలిసున్నది ఇదొక్కటే వదినా... ఎప్పుడూ ఈయన అందర్నీ తీయడమే! ఆ రోజు నువ్వు నా మాట విని ఉంటే, ఇందులో కూడా ఈయన ఉండేవారు కాదు!"

ఇల్లాలు మేకూ సుత్తీ పక్కన పెట్టేసింది. ఆ ఫోటోని ఎత్తి ఆడపడుచు చేతుల్లో పెట్టింది.

"ముందు నీ గోడకి పెట్టుకో తల్లీ. నేను ఇంకోటి వేయించుకుంటాలే."