కొల్లాపూర్ సంతలో రెండో మైకు

మహబూబ్‌నగర్ స్టేషన్ రోడ్డులో టైపు ఇన్‌స్టిట్యూట్ పైన డిటెక్టివ్ వామన్‌రావు గది. ఆ మెట్లు రెండుసార్లు ఎక్కి, రెండుసార్లు దిగి, మూడోసారికి ఏసోబు తలుపు తోశాడు.

ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. పెదవి చిట్లింది. అంగీ నిండా జల్లెడలా సన్నని బొక్కలు.

"ఎలుకలు కొట్టినయా అంగీని?" అన్నాడు జానయ్య. వామన్‌రావుకు సహాయకుడు, నల్గొండవాడు, నోరు ఊరుకోదు.

"బ్యాటరీల పోసే తేజాబు, సారూ. పడ్డప్పుడు కనవడదు. బట్ట ఉతికినంక తేలుతది."

వామన్‌రావు చేతిలోని పత్రిక మడిచి పక్కన పెట్టాడు. "మైకు సెట్టోనివన్నమాట. కూసో. ఎవరు కొట్టిన్రు?"

"కొల్లాపూర్ల వారం దినాల పెద్ద సంతకొచ్చిన జనం కొంత. మా మేనేజరు పోచయ్య కొంత."

కూర్చోమన్న కుర్చీ అంచు మీదే కూర్చుని ఏసోబు చెప్పుకొచ్చాడు. పన్నెండేళ్లుగా మైకు సెట్టే అతని బతుకు. రెండు హారన్లు, ఒక యాంప్లిఫయర్ పెట్టె, రెండు మైకులు, ఒక మోటారు బ్యాటరీ. మూడేళ్లుగా శ్రీశైల మల్లికార్జున నాట్యమండలితో కల్వకుర్తి, నారాయణపేట, కొల్లాపూర్ తిరుగుతున్నాడు. ఏ ఊరికైనా అందరికన్నా ముందు దిగి గుంజ ఎక్కేది అతనే. అందరూ లారీ ఎక్కాక వైర్లు చుట్టుకునేదీ అతనే. పాట బాగుంటే అతనొకడున్నాడని ఎవరికీ గుర్తురాదు. హారను కూత పెడితే మాత్రం అతని తల్లిని కూడా వదలరు.

మండలికి పేరు తెచ్చింది కౌసల్య. ఆమె పాట కోసం పది ఊళ్ల జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఆరు నెలల క్రితం జ్వరం వచ్చి, మాట మిగిలింది, పాట పోయింది. అప్పటినుంచి తెర వెనక రెండో మైకు ముందు గోపమ్మ పాడుతోంది. మందలు కాసుకునే ఇంటి ఆడది, మొహం నిండా అమ్మవారి మచ్చలు. మండలిలో వేషాల బట్టలు కుట్టడానికి కుదిరింది. పాట రాగానే ఏసోబు కౌసల్య మైకు తగ్గించి, గోపమ్మ మైకు మూడో గీత దాకా పెంచేవాడు. కౌసల్య పెదవులు కదిపేది. జనం చప్పట్లు కొట్టేవారు.

"మొన్న సంతల, నాలుగు గంటలకు, హారన్లు వాటంతటవే మాట్లాడినయి సారూ."

సంతంతా విన్నది పోచయ్య గొంతు: 'కౌసల్యకు గొంతు లేదు, నీకు మొగం లేదు. ఆమెను చూపెడ్త, నిన్ను వినిపిస్త. నువ్వు తెర ముంగటికొస్తే పిల్లలు దడుసుకుంటరు, పో!' దానికి గోపమ్మ ఏడుపు. తర్వాత జనం మోసపోయామని డేరా మీద పడ్డారు.

"బ్యాటరీ వైర్లు నేను ఊడదీసే పోయిన. చాయ్ తాగొచ్చేసరికి ఇంత అయింది. నేనే చేసిననంటున్నరు. సెట్టు గుంజుకున్నరు. నాగర్‌కర్నూలు నుంచి ఇంకో మైకోన్ని పిలుస్తున్నరు. ఇంట్లమాట బజార్ల ఏసే మైకోన్ని రేపు ఏ పెండ్లికి పిలుస్తరు సారూ? నా పేరు పోయింది."

అన్నీ చెప్పాడు. ఒక్కటి చెప్పలేదు. పోచయ్య చెప్పుతో కొడుతుంటే తప్పించుకోవడానికి 'నేను కాదు, గోపమ్మ చేసింది, నేను చూసిన' అని అరిచాడు. చూడలేదు. ఆ ఒక్క మాటతో గోపమ్మను డేరాలోంచి గెంటేశారు. రెండు రోజులుగా ఆ మాట అతని గొంతులో చేపముల్లులా నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున్నే బస్సులో ముగ్గురూ కొల్లాపూర్‌లో దిగారు.

చినిగిన డేరా ముందు పోచయ్య బీడీ కాలుస్తూ నిలబడ్డాడు. "డిటెక్టివు ఎందుకు సారూ? గా పెట్టె ముట్టుడు వీనికొక్కనికే ఎరుక. గోపమ్మ మీదికి తోస్తడు గానీ, ఇద్దరూ ఒక్కటే."

"అట్లనా?" అన్నాడు వామన్‌రావు, ఏసోబు వైపు చూడకుండానే. ఏసోబు చెవులు కాలిపోయాయి.

హార్మోనియం బాలయ్య అడగకముందే చెప్పాడు. "నా బిడ్డకు వేషం ఇయ్యమని అడిగిన, ఇయ్యలేదు. కోపమున్నది. దాస్త ఎందుకు? కానీ నేను కూసునేది మైకు పెట్టెకు ఈపు పెట్టి. అండ్ల ఏ బిర్రె ఏందో నాకేం ఎరుక?"

"బిర్రె కాదు, నాబు," అన్నాడు జానయ్య.

"ఏదైతేంది తమ్మీ, తిప్పేదేగా!"

వామన్‌రావు తెర వెనక గోపమ్మ నిలబడే జాగాలో నిలబడ్డాడు. అక్కడినుంచి పెట్టె కనబడలేదు. మధ్యలో రెండు తెరలు. స్టేజీ మీద కౌసల్య నిలబడే చోటికి వెళ్లి, ఎడమ పక్కకు ఒకసారి చూసి, తనకు తానే తల ఊపాడు. సంతలో చాయ్ హోటల్ జంగమ్మను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఆనాడు హారన్లు కూత పెట్టినయా అవ్వా?"

"కూతా పాడా? రేడియో లెక్క సాఫ్‌గ వినవడ్డది. గందుకే కదా బిడ్డా, గా పిల్ల పరువు గట్ల పోయింది."

ఆడవాళ్ల డేరా పక్కన దండెం మీద పసుపుపచ్చ నారాయణపేట చీర ఆరుతోంది. వామన్‌రావు కొంగు పట్టుకుని ఎండకు ఎత్తాడు. కొంగు గుండా వెలుగు చుక్కలు చుక్కలుగా నేల మీద పడింది. జానయ్య ఏదో అడగబోతే వేలు అడ్డం పెట్టాడు. ఏసోబు ఇదేమీ చూడలేదు. అప్పుడే వామన్‌రావు పంపిన కబురు అంది సంత కొట్టం వైపు నుంచి గోపమ్మ వస్తోంది. కొంగు ముక్కు మీదికి లాక్కుని, నేల చూస్తూ నడుస్తోంది. అతను గుంజ చాటుకు జరిగాడు.

పదకొండు గంటలకు అందరినీ స్టేజీ మీద కూర్చోబెట్టి వామన్‌రావు మాట్లాడాడు.

"పెట్టె ముందు రెండు నాబులు, మైకుకొకటి. కొత్తవాడు ఎవడైనా ఏం చేస్తడు? రెండూ నిండా తిప్పుతడు. అప్పుడు హారన్లు కూత పెడ్తయి, మాట వినబడదు. మొన్న కూత లేదు. అంటే గోపమ్మ మైకు ఒక్కటే, సరిగ్గా మూడో గీత దాకా తిప్పింది తెలిసిన చెయ్యి. ఆ లెక్క ఎవరికి తెలుసు? ఏసోబుకు. ఇంకెవరికి? తెర వెనకున్న గోపమ్మకు పెట్టె కనబడదు. బాలయ్య ఈపు పెట్టి కూర్చుంటడు. పోచయ్య ఆ మైకు ముందే నిలబడి తనను తాను బజార్ల వేసుకోడు. కానీ ఈ స్టేజీ మీద ఒకరు ఆరు నెలలుగా ఏసోబు చేతినే చూస్తున్నరు. ఆ చెయ్యి తిరిగినప్పుడే పెదవులు కదపాలె. ఒక్క రెప్పపాటు తప్పినా మోసం బయటపడ్తది."

వామన్‌రావు ఆడవాళ్ల డేరా పక్కనున్న దండెం వైపు చెయ్యి చూపాడు.

"బ్యాటరీకి వైర్లు తగిలించేటప్పుడు తేజాబు చేతికి అంటింది. మంట పుట్టి కొంగుకు తుడుచుకున్నరు. పడ్డప్పుడు కనబడలేదు. చీర ఉతికినంక కొంగుకు బొక్కలు తేలినయి." వామన్‌రావు గొంతు తగ్గించాడు. "నారాయణపేట చీర ఎవరిది, కౌసల్యమ్మా?"

కౌసల్య రెండు అరచేతులూ ముందుకు చాపింది. కుడి చేతి వేళ్ల కొసలు తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి.

"నాదే," అంది బొంగురుగా. "కల్వకుర్తిల కండ్లు లేని ముసలవ్వ ఒకామె వచ్చింది. నా గొంతు తడివి, గీ గొంతు సల్లగుండ బిడ్డా అని నెత్తి మీద చెయ్యి పెట్టింది. గానాటి నుంచి అన్నం దిగలే. గోపమ్మను ముంగట నిలవెట్టుమని పోచయ్యను మూడుసార్లు అడిగిన. ఇనలే. గోపమ్మ రోజూ నాలుగింటికి పాట గుణుసుకుంటది. ఊరంత ఇనని, ఎవరి పాటో తెల్వని అనుకున్న. నా నోటితోని చెప్పే ధైర్యం లేకపాయె. పెట్టె కాగేసరికి పాట అయిపోయింది. పోచయ్య వచ్చిండు. ఆ మాటలు వినబడంగనే వైర్లు గుంజేద్దామని లేచిన. జనం వస్తుంటే భయపడి ఉరికిన. నా తప్పుకు ఇంకొకర్ని కొడ్తుంటే పరదా చాటున నిలవడి చూసిన."

పోచయ్య బీడీ పారేశాడు. "నా పుట్టి ముంచితివి గదే!"

"పుట్టి ముంచింది ఆమె కాదు. నీ నోరు," అన్నాడు వామన్‌రావు. "ఏసోబు సెట్టు ఏసోబుకియ్యి. అతను చెయ్యలేదని సంతల నువ్వే చెప్పాలె."

జానయ్య మెచ్చుకోలుగా గురువు వైపు చూశాడు. కేసు తేలింది. ఏసోబుకు సెట్టు దొరికింది, పేరూ దొరికింది. అయినా అతను తల ఎత్తలేదు.

"ఇంకొక్కటి మిగిలింది," అన్నాడు వామన్‌రావు. "ఏసోబూ, నువ్వు నాకు చెప్పని ముక్క."

"సారూ..."

"నాకెందుకు చెప్తవు? నాతోని ఏం పని?"

ఏసోబు గోపమ్మ ముందుకు వెళ్లి నిలబడ్డాడు. పన్నెండేళ్లలో ఎన్నో గొంతులు ఊళ్లకు వినిపించినవాడు తన మాట తానే చెప్పాడు. "అక్కా... దెబ్బలకోర్వక నీ పేరు చెప్పిన. నేను చూడలే. అబద్ధం."

"ఎరుకే," అంది గోపమ్మ. "గెంటేటప్పుడు పోచయ్య చెప్పిండు, మైకోడు చూసిండట అని. నా మొగాన్ని తిట్టినందుకు ఇంత నొప్పి కాలే. నా పాటకు ఆరు నెలలు కాపలా ఉన్నోడివి నువ్వు. నువ్వన్నవని నొప్పయింది."

"మాఫ్ చెయ్యి అక్కా. కాళ్లు మొక్కుత."

"కాళ్లెందుకు? గీడ నలుగురు ఇంటే ఏమొస్తది?" గోపమ్మ మొహం మీది కొంగు తీసేసింది. "నేనే చేసిననన్న నీ అబద్ధం సంతంత విన్నది. గీ మాట గూడ సంతంత వినాలె. ఏసోబూ, నీ పెట్టె నీకొచ్చింది కదా."

కౌసల్య లేచింది. "నేను గూడ చెప్త. ఈయన తర్వాత."

ఏసోబు బ్యాటరీ దగ్గర వంగాడు. వైర్లు తగిలించాడు. పెట్టె వేడెక్కేదాకా అర నిమిషం పట్టింది. అతను నాబు మూడో గీత దగ్గర ఆపి, మైకు ముందుకు వచ్చాడు. బయట సంతలో బేరాలు సాగుతున్నాయి. ఒక్క క్షణం పారిపోదామనిపించింది. గోపమ్మ చూపు అతని మీదే ఉంది.

"అయ్యలారా, అమ్మలారా," అన్నాడు. గుంజ మీది హారన్లలోంచి అతని గొంతు అతనికే తిరిగి వినబడి, అది తనదేనా అని ఉలిక్కిపడ్డాడు. సంతలో బేరాలు ఆగిపోయాయి. తలలు ఇటు తిరిగాయి.

"నేను ఏసోబును. మైకోన్ని. మొన్న నేనొక ఆడకూతురి మీద అబద్ధం చెప్పిన."