పదకొండు గంటల మాత్ర

కొత్తవాడలో పొద్దున్నే జంపఖానా మగ్గాల చప్పుడు మొదలైంది. నేల మీద పరిచే జంపఖానా వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఒక్కో మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు లేస్తే రెండోవారి పని ఆగిపోతుంది. రాజమల్లు, అతని భార్య చిలుకమ్మ ఇరవై ఎనిమిదేళ్లుగా అలాగే కూర్చుంటున్నారు. పోట్లాటలూ అక్కడే, రాజీలూ అక్కడే.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో రాజమల్లుకు ఛాతీ నొప్పి వచ్చింది. రక్తంలో కొవ్వు పెరిగిందని డాక్టరు నీళ్లలో కలిపి తాగే పొడి ఇచ్చాడు. తోడుగా విటమిన్ మాత్రలు రాశాడు. పొడి ఏడింటికి, మాత్ర పదకొండింటికి అని రెండుసార్లు చెప్పాడు. రాజమల్లు బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి మాత్రం రెండూ పొద్దున్నే వేసుకోవాలన్నాడని భార్యకు చెప్పాడు.

మూడు నెలలు హాయిగా గడిచాయి. ఒక రోజు రాజమల్లు చొక్కా తొడుక్కుంటుంటే ఆయన చేతుల మీద కమిలిన మచ్చలను చిలుకమ్మ చూసింది. ఎక్కడా దెబ్బ తగిలింది లేదు. గట్టిగా అడిగితే, పళ్లు తోముకుంటుంటే రక్తం కూడా వస్తోందని ఒప్పుకున్నాడు. తప్పంతా పొడిదేనని ఆమె తేల్చి, డబ్బాను తీసుకెళ్లి బియ్యంలో దాచేసింది.

"బాపుకు మళ్ల నొప్పొస్తే ఏం జేస్తవే అమ్మా?" అన్నాడు కొడుకు యాదగిరి.

"ఆ పొడి తాగవట్టే ఇట్ల నల్లబడుతాండు. నా కండ్ల ముందట ఇంకోసారి తాగనియ్య."

ప్రతిదానికీ ఆమెతో వాదించే రాజమల్లు ఈసారి లేచి మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. యాదగిరికి అనుమానం వచ్చి ఇద్దరినీ రిక్షా ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావని డాక్టరు అడిగాడు. రాజమల్లు నేల చూపులు చూసి, పొడితోనే కలిపి మింగుతున్నానని చెప్పాడు. ఆ పొడి పేగుల్లో కొవ్వునే కాదు, రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్లను కూడా పట్టుకుని బయటికి పంపేస్తుందని, నాలుగు గంటలు ఎడం పెట్టమన్నది అందుకేనని డాక్టరు వివరించాడు. విటమిన్ ఇంజెక్షన్‌తో మచ్చలు తగ్గుతాయని, పొడి మాత్రం ఆపొద్దని అన్నాడు.

బయట అరుగు మీద కూర్చున్నాక చిలుకమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"పదకొండింటికి ఎందుకు ఏసుకోలే?"

"నడిమిట్ల నేను లేస్తే నువ్వు చేతులు కట్టుకోని కూసోవాలె. నీ పని ఆగుతదని."

ఆమెకు కోపం రావలసింది, ఏడుపొచ్చింది.

"పని కోసమే నీ పక్కన కూసుంటాన అనుకున్నవా? నువ్వుంటవనే కూసుంటాన. నువ్వే లేకుంటే ఆ మగ్గం నాకెందుకు?"

ఇన్నేళ్లలో ఆమె ఈ మాట ఎప్పుడూ అనలేదు. అనవలసిన అవసరం కూడా రాలేదు. రాజమల్లు ఆమె కళ్లు తుడుద్దామని కండువా తీసి, ముందు తన కళ్లే తుడుచుకున్నాడు.