డిసెంబరు వస్తే అబ్రహాం ఎక్కడికి వెళ్లేవాడు?

ఆదివారం పొద్దున్నే కాంతమణి ఇడ్లీలు దించి కొడుకు ముందు పళ్లెం పెట్టింది. రెండువేల నాలుగు మొదలై వారమైంది. నవంబరులో ఆమె భర్త అబ్రహాం పోయాక పద్మారావు నగర్‌లోని ఆ ఇల్లు బాగా నిశ్శబ్దమైపోయింది. ఆ సాయంత్రమే చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక.

"నాన్న గురించి నువ్వు మాట్లాడాలిరా కాలేబూ. పాస్టరుగారు అడిగారు."

కాలేబుకి ముప్పై ఏళ్లు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "నా వల్ల కాదమ్మా," అన్నాడు తలెత్తకుండా.

"ఎందుక్కాదు? యుద్ధంలో మిలిటరీ లారీ నడిపిన మనిషి ఆయన. రిటైరయ్యాక స్కూలు బస్సు నడిపి నిన్ను చదివించారు. నీ యూనిఫాం రోజూ ఇస్త్రీ చేసిందెవరు? నీకు టైఫాయిడ్ వస్తే పదకొండు రోజులు నీ మంచం పక్కన నేల మీద పడుకున్నదెవరు?"

"అవేవీ కాదనను. మరి క్రిస్మస్?" కాలేబు పళ్లెం పక్కకి నెట్టాడు. "ఒక్కటంటే ఒక్క క్రిస్మస్ మనతో ఉన్నాడా? డిసెంబరు ఇరవై దాటితే చాలు, సంచి సర్దుకుని వెళ్లిపోవడమే. చర్చిలో పిల్లలందరూ నాన్నల పక్కన నిలబడితే నేను నీ కొంగు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఎక్కడికని అడిగితే స్నేహితుడి దగ్గరకట! అక్కడ ఇంకో సంసారం ఉందేమోనని నీకెప్పుడూ అనుమానం రాలేదా?"

కాంతమణి చెయ్యి లేచింది. కొట్టలేక ఆగిపోయింది.

"ఒకసారి అడిగాను. 'యుద్ధంలో తోటివాడు, నన్ను నమ్ము కాంతం' అన్నారు. నమ్మాను. ఆయన పోయాక కూడా నమ్ముతున్నాను," అంది.

ఇంతలో బయట ఎవరో ఆడమనిషి పిలిచింది. కాలేబు వెళ్లి తలుపు తీశాడు. గుమ్మంలో అరవై దాటిన దంపతులు. ఆమె చంకలో గుడ్డ మూట, ఆయన ఒంటి నిండా శాలువా.

"అబ్రహాం ఇల్లు ఇదేనా బిడ్డా? నా పేరు తుకారాం. జహీరాబాద్ దిక్కు నుంచి వచ్చినం. ఈసారి పండక్కి మావోడు రాలే. పానం బాగలేదేమోనని పరేషానై వచ్చిన."

కాలేబు పక్కకి జరిగి వాళ్లని లోపలికి రమ్మన్నాడు. తుకారాం చూపు గోడ మీది ఫొటో మీద పడింది. దాని కింద పుట్టిన తేదీ పక్కనే ఇంకో తేదీ ఉంది. ఆయన అక్కడే గోడకి ఆనుకుని కూలబడ్డాడు. శాలువా జారిపోయింది. రెండు మణికట్ల దగ్గరా చేతులు ఆగిపోయి ఉన్నాయి.

కాసేపటికి భార్య గ్లాసు పట్టుకుంటే నాలుగు గుక్కలు తాగి, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.

"డెబ్బై ఒకటిల మా లారీ మీద బాంబు పడ్డది. నేను బయటికి ఎగిరిపడ్డ. అబ్రహాం డ్రైవర్ సీట్ల ఇరుక్కున్నడు. డోరు మంటల ఎర్రగ కాలుతుంది. అట్లనే పట్టుకొని గుంజిన. ఆయన బయటవడ్డడు. నా చేతులు దవఖానల తీసేసిండ్రు."



"మల్ల ఏడాది కంది కోతకొచ్చింది. చేన్ల కూసొని ఏడుస్తున్న. తలకాయ ఎత్తి చూస్తే కొడవలి పట్టుకొని మీ నాయిన! ముప్పై ఒక్క ఏండ్లు, ఒక్క ఏడు తప్పలే. కోసుడు, కట్టలు మోసుడు అంత ఆయనే. ఉన్నన్ని దినాలు నాకు బువ్వ సుత ఆయనే తినిపించెటోడు."

"మాకెందుకు చెప్పలేదు?" కాలేబు అడిగాడు.

"నేను సుత అడిగిన. 'చెప్తే ఇంట్లోళ్లు నన్ను గొప్పోడనుకుంటరు, చేతులిచ్చింది నువ్వు' అన్నడు. పండక్కి ఇంటికి పొమ్మని కొట్లాడితే, 'చేను ఆగదు గదా' అనేటోడు. క్రిస్మస్ దినం గట్టు మీద మోకరించి ప్రార్థన చేసెటోడు. కాలేబు అంటే నువ్వేనా? ప్రార్థనల నీ పేరే ముందుగాల వస్తుండె."

కాలేబు పుట్టింది డెబ్బై మూడులో. ఎదురుగా ఉన్న ఆ మొండి చేతులు ఆ రోజు మంటలోకి వెళ్లకపోతే తను లేడు, ఈ ఇల్లు లేదు. తనకి ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగి బడికి పంపిన మనిషి, ముప్పై ఒక్క ఏళ్లు ఇంకొకరి చేతులై బతికాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోకుండా వెళ్లిపోయాడు. కాలేబు ఫొటో వైపు చూశాడు. నాన్న ముఖాన్ని మొదటిసారి చూస్తున్నట్టనిపించింది.

"అమ్మా, పొద్దున నేనన్న మాట..."

"ముందు వాళ్లకి అన్నం పెడదాం పద," అంది కాంతమణి కళ్లు తుడుచుకుంటూ.

"సాయంత్రం నేనే మాట్లాడతాను. వీళ్లు ముందు వరసలో కూర్చోవాలి."

అన్నం వడ్డించాక తుకారాం భార్య అలవాటుగా కలపబోయింది. కాలేబు పళ్లెం అందుకున్నాడు. "మీరు తినండి పెద్దమ్మా." తుకారాం ఎదురుగా నేల మీద కూర్చుని, పప్పు కలిపి, ముద్ద నోటికి అందించాడు.

ముద్ద మింగుతుంటే తుకారాం కళ్ల నుంచి నీళ్లు కారాయి. ఆ నీళ్లలోనే నవ్వాడు.

"జెర చిన్నగ పెట్టు బిడ్డా. మొదటి దినం మీ నాయిన సుత గింత పెద్ద ముద్దలే పెట్టిండు."