వీపు కింద చెయ్యి

అత్తగారి దగ్గర వంట నేర్చుకునే కోడళ్ళుంటారు, కుట్టు నేర్చుకునేవాళ్ళూ ఉంటారు. ఈ కోడలు మాత్రం శవం పాడవకుండా నిలబెట్టే విద్య నేర్చుకుంటోంది. ఎంబామింగ్ అంటారు దాన్ని. ఆ ఇంట్లో అది తరతరాల పని. అత్తగారికి కీళ్ళు అరిగిపోయి చేతులు వణుకుతున్నాయి. కొడుకు శవాల వ్యాన్ తోలతాడే గానీ నెత్తురు చుక్క చూస్తే కళ్ళు తిరిగి పడిపోతాడు. ఇక మిగిలింది కోడలే.

పని కంటే ముందు మాటలు నేర్పింది అత్తగారు. లైసెన్సు పరీక్షలో నోటితో అడుగుతారు మరి. కూరలు తరుగుతుంటే అడిగేది, బట్టలు ఆరేస్తుంటే అడిగేది, ఆఖరికి అందరూ అన్నాలు తింటున్నప్పుడూ వదిలేది కాదు.

"మెడ పక్కన కొట్టుకునే నాళం?"

"కరోటిడ్ ధమని."

"దాన్ని అంటుకుని ఉండేది?"

"జుగులర్ సిర. ధమనిలోంచి మందు ఎక్కిస్తాం, సిరలోంచి నెత్తురు దించేస్తాం."

"మందంటే?"

"ఫార్మాలిన్ కలిపిన నీళ్ళు అత్తయ్యా."

కొడుకు కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. "నా మెడ వంక చూస్తూ ఆ మాటలేంటే బాబూ!" అని మొత్తుకునేవాడు. "ఎదురుగా ఉన్న మెడ అదొక్కటేరా, ఏం చెయ్యను" అనేది అత్తగారు, మెతుకు కింద పడకుండా.

ఆవిడకొక పట్టింపుంది. శవం మీద ఏ పని చేసినా ముట్టుకునే చోటు పేరు ముందుగా పైకి చెప్పాలి. "పడుకున్న మనిషిని చెప్పాపెట్టకుండా ముట్టుకుంటామా? ఇదీ అంతే" అనేది. కోత పెట్టే ముందు ఆ నాళం పేరు చెప్పాలి. చెప్పారంటే ఇక వెనక్కి తగ్గేది లేదు.

అలా మాటలన్నీ నోటికొచ్చాక, ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం తాళాలాయన్ని తీసుకొచ్చారు.

వీధి చివర తాళాలు బాగుచేసే పెద్దాయన. రాత్రి కొట్లోనే పడుకున్నాడట. పొద్దున ఎంత పిలిచినా పలక్కపోతే తలుపు బద్దలుకొట్టారట. గుండె ఆగిపోయిందని డాక్టరు కాగితం రాసిచ్చేశాడు. దూరాన ఉన్న కూతురు వచ్చేదాకా మనిషిని నిలబెట్టాలి. భార్య ముందు గదిలో బల్ల మీద కూర్చుంది. ఏడుపు లేదు, మాట లేదు. గోడ వంకే చూస్తోంది.

'ఒక్క కన్నీటి చుక్కయినా లేదే!' అనుకుంది కోడలు. అనుమానం అక్కడే పుట్టింది.

లోపలి గదిలో ఫార్మాలిన్ ఘాటు, సబ్బు వాసన, తడిసిన గోడల వాసన. స్టీలు బల్ల మీద పెద్దాయన. రేకుల మీద వాన ఒకటే మోత. దీపం ఉండుండి సన్నబడుతోంది.

"చెప్పు" అంది అత్తగారు పీట మీద కూర్చుని.

"రిగర్. ఒళ్ళు బిగుసుకోవడం. దవడ బిగిసింది, చేతులు బిగిశాయి."

"తర్వాత?"

"లివిడిటీ. గుండె ఆగాక నెత్తురు కిందికి దిగి, ఒంటి అడుగున ఊదారంగు మచ్చగా పేరుకుంటుంది. కొన్ని గంటలయ్యాక ఇక కదలదు. నేలకు నొక్కుకున్న చోట మాత్రం నెత్తురు చేరదు, తెల్లగా మిగిలిపోతుంది."

"భేష్. మరి తిప్పి చూడు."

కోడలు పెద్దాయన్ని పక్కకి తిప్పింది. వీపంతా ఊదారంగు. భుజాల దగ్గర నేలకు ఆనిన తెల్లటి గుర్తులు. అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉంది.

ఒక్కటి తప్ప.

రెండు భుజాల మధ్య... ఆ ఊదారంగులో... తెల్లగా ఒక చెయ్యి.

అరచెయ్యి, అయిదు వేళ్ళు. సన్నటి, పొడుగాటి వేళ్ళు. చిటికెన వేలు చివర బయటికి వంగి ఉంది. ఎవరో ఆయన వీపు కింద చెయ్యి పెట్టి, నెత్తురంతా దిగి గడ్డకట్టేదాకా తియ్యకుండా ఉంచినట్టు.

కోడలు దగ్గరికి వంగి చూసింది. ఒంటరిగా పోయాడన్నారే! గడియ లోపల్నుంచే ఉందన్నారే! చచ్చిపోతున్న మనిషి కింద అంతసేపు చెయ్యి పెట్టుకుని కూర్చున్నదెవరు? కూర్చుని ఏం చేశారు? ఇప్పుడు మందు ఎక్కిందంటే ఒళ్ళు రంగు మారిపోతుంది, ఆ మచ్చ చెప్పే సాక్ష్యం పోతుంది. ఒక హత్యని తన చేత్తో తనే కడిగేసినట్టు. అలాగని పోలీసుల్ని పిలిచి, తీరా ఏమీ లేదని తేలితే... ఒక ముసలమ్మ మీద నింద, ఈ ఇంటి గడప ఇక ఎవరూ తొక్కరు.

"ఒక్క నిమిషం అత్తయ్యా" అని గ్లవ్స్ పీకేసి, గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని ముందు గదికి నడిచింది.

"కాస్త తాగండి పిన్నిగారూ."

ముసలమ్మ రెండు చేతులూ చాపి గ్లాసు అందుకుంది. కోడలు దొంగలా చూసింది. పొట్టి వేళ్ళు, వెడల్పాటి అరచెయ్యి. ఏ వేలూ వంకర లేదు.

"తలుపు తట్టినా తియ్యలేదమ్మా" అంది ముసలమ్మ చిన్నగా. "పక్కన ఎవరైనా ఉండుంటే బాగుండేది కదా... అదొక్కటే నా దిగులు." అప్పుడు ఏడ్చింది. గ్లాసు చేతుల్లోంచి జారి నీళ్ళు ఒళ్ళో ఒలికిపోయినా పట్టించుకోకుండా వెక్కివెక్కి ఏడ్చింది. కోడలికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

తిరిగొచ్చేసరికి అత్తగారు పీట మీద లేదు. బల్ల దగ్గర నిలబడి ఆ వీపునే చూస్తోంది. తన చెయ్యి మచ్చ పక్కన పెట్టి చూసుకుంది. ఆవిడది పెద్ద చెయ్యి, సరిపోలేదు.

"ఇలా రా" అంది గొంతు తగ్గించి.

కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ అరచేతిని మెల్లగా తెచ్చి వీపు మీద ఆనించింది.

వేలికి వేలు... గీతకి గీత...

ఎవరి చేతిని వాళ్ళు గుర్తుపట్టడం ఎంత కష్టమో! చిన్నప్పుడు తలుపు సందులో నలిగి వంకరపోయిన తన చిటికెన వేలు, ఆ తెల్లటి గుర్తులో ఇసుమంతైనా ఖాళీ లేకుండా ఒదిగిపోయింది.

"నాకేం తెలీదు... ఒట్టు అత్తయ్యా... ఆయన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు..."

"రాత్రి ఎక్కడున్నావు?"

"అదేంటి, మీ పక్క మంచం మీదే కదా పడుకున్నాను! మీ కాళ్ళు కూడా పట్టాను కదా!"

"అవును." అత్తగారు ఆ మణికట్టు ఇంకా వదల్లేదు. "నేను నిద్రపోయాక?"

ఆ చూపు కోడలికి తెలుసు. కొద్దిసేపటి క్రితం ముసలమ్మని తను చూసిన చూపే అది.

"నిద్రపోయాను అత్తయ్యా..." అంది. అంటుంటే తనకే నమ్మకం చాల్లేదు. నిద్రపోయిన మనిషికి తనెక్కడుందో ఏం తెలుస్తుంది?

"సరే. నువ్వే చెప్పు" అంది అత్తగారు. "పోలీసుల్ని పిలవనా? పని మొదలెడతావా?"

పిలిస్తే ఆ చెయ్యి ఎవరిదో తేలడానికి ఎంతసేపు పడుతుంది? పెద్దాయన వీపు అక్కడే ఉంది, తన చెయ్యీ అక్కడే ఉంది. కోడలు ఆయన్ని వెల్లకిలా తిప్పింది. గ్లవ్స్ తొడుక్కుంది. కత్తి తీసుకుంది.

"కరోటిడ్ ధమని" అంది.

అత్తగారు కళ్ళు మూసుకుంది.

పని చక్కగా వచ్చింది. ఎక్కడా చెయ్యి తడబడలేదు. నెత్తురు దిగిపోయింది, మందు ఎక్కింది, పెద్దాయన ముఖంలోకి కాస్త కళ వచ్చింది. వీపు ఇక ఎవరూ తిప్పి చూడకుండా ఉతికిన చొక్కా తొడిగి బొత్తాలు పెట్టింది. ముసలమ్మ వచ్చి చూసి, కోడలి రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. ఆ చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో కోడలికి తోచలేదు.

ఆ రాత్రి అత్తాకోడళ్ళు ఆ సంగతి ఎత్తలేదు. కొడుకు వ్యాన్ కడిగి, తిని, ముందు గదిలో గుర్రు పెడుతున్నాడు. అత్తగారు మంచం మీద అటు తిరిగి కూర్చుని, "నడుం పట్టేసిందే, కాస్త మందు రాసిపెట్టు" అంది. రోజూ అడిగే గొంతుతోనే అడిగింది. అది విని కోడలికి ఏడుపొచ్చినంత పనైంది. హమ్మయ్య, నమ్మింది అనుకుంది.

నొప్పుల మందు డబ్బా తీసుకుని వెనక కూర్చుంది. అత్తగారు రవిక పైకి జరుపుకుంది. కోడలు ముందు ఆ వీపుని దీపం వెలుతురులో పరకాయించి చూసింది. ముడతలు పడ్డ మామూలు వీపు. ఏ మచ్చా లేదు. ఊపిరి పీల్చుకుని డబ్బా మూత తిప్పసాగింది. మూత బిగుసుకుపోయి రావడం లేదు.

"అబ్బ... చెయ్యి తియ్యవే, మంచుముక్కలా ఉంది" అంది అత్తగారు.

కోడలు తన చేతుల వంక చూసుకుంది. రెండూ డబ్బా మూత మీదే ఉన్నాయి.

"అత్తయ్యా... నేనింకా..."

"తియ్యమంటుంటే ఇంకా నొక్కుతావేమే?"