అవ్వ కన్నా ముందు బయలుదేరిన సంచి

"లాడ్జా?"

చెన్నమ్మాళ్ అవ్వ చేతిలోని చిక్కుడుకాయ జారి చేటలో పడింది. "పీలమేడులో నా తమ్ముని కొడుకు నందకుమార్ ఇల్లుండగా లాడ్జిలో పడుకొనేదా? వాడి మొహం మళ్ళా ఎట్ల చూసేదిరా?"

ఆదివారం మధ్యాహ్నం. అవినాశిలో కృత్తిక వాళ్ళ ఇంట్లో విమానం గురించి పెద్ద పంచాయితీ జరుగుతోంది.

మంగళవారం తెల్లవారకముందే కోయంబత్తూరులో విమానం ఎక్కాలి. ముంబైలో ఉన్న పరమేశ్వరి అత్తకు ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తామని డాక్టరమ్మ చెప్పింది. అత్త రోజూ ఫోన్ చేసి ఒకటే మాట. "అమ్మా, నన్ను లోపలికి తీసుకుపోయే ముందు నీ మొహం చూడాల." పాపం, ఆమెకు భయం. అవ్వకు అంతకన్నా భయం. విమానమనేది అవ్వ ఆకాశంలో చూడడమే కానీ ఎక్కింది లేదు.

"అర్ధరాత్రి లేచి ఇక్కడినుంచి పరిగెత్తడం వద్దు," అన్నాడు కృత్తిక నాన్న రామ్‌కుమార్. అవ్వను తీసుకుపోయేది ఆయనే. "రేపు సాయంత్రమే కార్లో పీలమేడు పోదాం. అక్కడ పడుకుంటే ఏర్‌పోర్ట్ పక్కనే."

"నందు ఇంట్లో."

"సరే తల్లీ, నందు ఇంట్లోనే!" నాన్న చేతులెత్తేశాడు.

అంతటితో అయిందా? అవ్వ లేచి, గోడ మీది క్యాలెండర్ కాగితాన్ని ఎత్తి వెనకది చూసింది. "అయ్యయ్యో! రేపు అష్టమి. అష్టమినాడు గడప దాటి పయనమా?"

"అమ్మా, విమానం వాళ్ళకు అష్టమి తెలీదు."

"వాళ్ళకు తెలీకపోతే పోనీ. నాకు తెలుసునే! ఈ దినమే పరస్తానం పెట్టేస్తాను."

పరస్తానం అంటే ఏమిటంటారా? పెద్ద చిక్కుకు పెద్దవాళ్ళు కనిపెట్టిన చిన్న ఉపాయం. బయలుదేరే రోజు మంచిది కాకపోతే, ముందుగానే మంచి గడియ చూసి ప్రయాణపు సంచి ఒకటి వేరేవాళ్ళ ఇంట్లో పెట్టేస్తారు. సంచి బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే లెక్క! తరువాత పోతూ పోతూ దాన్ని తీసుకుపోవాలి. ఒకసారి గడప దాటిన సంచి మళ్ళీ సొంత ఇంట్లోకి రాకూడదు.

అవ్వ పసుప్పచ్చ గుడ్డసంచి తీసింది. పిడికెడు బియ్యం, పసుపుకొమ్ము, తన చీర ఒకటి పెట్టింది. పుట్టబోయే బిడ్డను చుట్టడానికి మెత్తటి పాత నూలుచీర ముక్కలు పెట్టింది. ఇంకా ఏదో అడుగున దాచింది. కృత్తిక అది చూడలేదు.

"కణ్ణూ, దీన్ని పంకజవల్లి ఇంట్లో ఇచ్చి రా. ఆమె చేతికే ఇయ్యాల. మంచి గడియ ఇంకా కొంచేపే ఉండాది. సీక్రం పో!"

పంకజవల్లి అత్తది ఎదురిల్లు. వీధిలో ఎవరు ఊరికి పోయినా తాళంచెవి ఆమెకే ఇచ్చి పోతారు. అవ్వ పరస్తానం ఎప్పుడు పెట్టినా ఆమె ఇంట్లోనే.

కృత్తిక గేటు దగ్గర నిలబడి పిలిచింది. లోపల నీళ్ళ మోటారు బుర్రుమంటోంది. మళ్ళీ పిలిచింది. జవాబు లేదు. ఇంకాసేపు నిలబడితే ఏం పోయేది? కానీ అప్పుడే పక్కింటి వాకిట్లోంచి స్నేహితురాలు లక్ష్మిప్రియ కేకేసింది.

"కృత్తికా, రావే! మా మణి కడుపు చూడు, బెలూన్ మాదిరి అయిపోయింది!"

మణి లక్ష్మిప్రియ వాళ్ళ పిల్లి. ఇంకేముంది! కృత్తిక కాళ్ళు వాటంతటవే అటు తిరిగాయి. సంచిని వాళ్ళింటి తలుపు మూలన పెట్టింది. ఎవరి ఇల్లయితే ఏమి, ఇల్లు ఇల్లే కదా అనుకుంది. ఆ హాల్లో సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి, మంచం నిండా బట్టలున్నాయి. కృత్తిక కళ్ళు మాత్రం పిల్లి మీదే.

ఇంటికొచ్చాక అవ్వ అడిగింది. "పెట్టినావా?"

"పెట్టేసినాను అవ్వా."

అది అబద్ధమా? కాదు. నిజమా? అదీ పూర్తిగా కాదు. ఎక్కడ అని అవ్వ అడగలేదు, కృత్తిక చెప్పలేదు.

సోమవారం బడిలో లక్ష్మిప్రియ చోటు ఖాళీగా ఉంది. జలుబేమో అనుకుంది కృత్తిక.

సాయంత్రం కారు వచ్చింది. అవ్వ దేవుడికి దండం పెట్టి, కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. వెనక్కి తిరిగి చూడకుండా నేరుగా ఎదురింటికి నడిచింది.

"పంకజం, సంచి తీసుకురా. పోయి వస్తాము."

పంకజవల్లి అత్త చేయి తుడుచుకుంటూ వచ్చింది. "ఏం సంచి అక్కా?"

"పరస్తానం సంచి. నిన్న కృత్తిక తెచ్చి ఇచ్చిందే!"

"నా దగ్గరికి ఏ సంచీ రాలేదే."

అవ్వ కొయ్యబారిపోయింది. నాన్న కారులో పెట్టెలు సర్దుతున్నవాడల్లా అలాగే ఆగిపోయాడు. "పోతే పోనీలే అమ్మా," అన్నాడు మెల్లగా. "ఒక చీర, పిడికెడు బియ్యం. అంతే కదా."

"నా ఆధార్ కార్డు దాంట్లోనే పెట్టినానురా!"

"ఆధార్ కార్డా!" నాన్న కేకకు వీధిలో రెండు తలుపులు తెరుచుకున్నాయి. "దాన్ని అందులో ఎందుకు పెట్టినావమ్మా? అది లేకపోతే ఏర్‌పోర్ట్ గేటు కూడా దాటనీయరే!"

"ఆ సంచి మాత్రం యాడికీ పోదని పెట్టినాను." అంది అవ్వ. "ముప్పై ఏండ్లుగా పెట్టినాను. ఎప్పుడూ పోలేదు."

అందరి కళ్ళూ కృత్తిక మీద పడ్డాయి.

"నువ్వు ఇక్కడ ఇచ్చినావు కదా?" నాన్న అడిగాడు.

కృత్తిక లక్ష్మిప్రియ ఇంటి వైపు చూసింది. తలుపుకు ఇంత పెద్ద తాళం! ఏం చేయాలో తోచక తల ఊపింది. ఊపాక గానీ తెలియలేదు, అవునన్నట్టు ఊపిందని.

అవ్వ పంకజవల్లి అత్త వైపు తిరిగింది. "బిడ్డ ఇచ్చినానంటా ఉండాది. నువ్వు రాలేదంటావు. యాడైనా పెట్టి మరిచినావా? లేకపోతే ఎవరికైనా ఇచ్చేసినావా?"

పంకజవల్లి అత్త మొహం పాలిపోయింది. ఆ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"ఈ వీధి బీగంచెవులన్నీ నా గోడకే వేలాడతా ఉన్నాయి అక్కా. ఒక్కటైనా పోయిందా? రా, లోపలికి వచ్చి నువ్వే చూడు!"

ఆమె గబగబా లోపలికి పోయి బీరువా తెరిచి బట్టలన్నీ కింద పడేసింది. మంచం మీది పరుపు లేపింది. అంతటితో ఆగలేదు. బియ్యం డ్రమ్మును తెచ్చి నడింట్లో వంచేసింది. బియ్యం జరజరా నేలంతా పరుచుకుంది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"చూడు అక్కా! బాగా చూడు!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, సంచి మాట వచ్చినప్పుడల్లా కృత్తిక తలుపు చాటుకు జరుగుతోంది. కానీ ఆ బియ్యం చూశాక ఇక జరగలేకపోయింది. ఏ తప్పూ చేయని మనిషి తన ఇంటిని తానే కుమ్మరించుకుంటోంది. చేసిన మనిషి చాటున నిలబడి ఉంది!

"అవ్వా!" అంది. ఎవరూ వినలేదు. గట్టిగా అరిచింది. "అవ్వా! అత్త తీసుకోలేదు! నేను అత్తకు ఇయ్యనే లేదు!"

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మోటార్ శబ్దంలో అత్తకు వినపడలేదు. నేను నిలబడలేదు. పిల్లిని చూడాలని లక్ష్మిప్రియ ఇంట్లో పెట్టేసినాను. ఇప్పుడు నాయన అడిగినప్పుడు తల ఊపినాను, అదీ అబద్ధమే!"

అవ్వ నిలువుగుడ్లు వేసుకుని చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నాన్న పరుగున పక్కింటికి పోయాడు. తాళం చూసి, పెళ్ళి పిలుపు గుర్తొచ్చి, మెట్టు మీద కూలబడ్డాడు. "బోడినాయకనూరు పోయినారు, పెళ్ళికి. బుధవారం కానీ రారు." కారు డ్రైవర్ హారన్ కొట్టి అరిచాడు. "సార్, నేరమాచ్చు!" టైమైపోయిందని ఆయనొకడు గుర్తు చేయాలా ఇప్పుడు!

ముంబైలో పరమేశ్వరి అత్త తలుపు వైపే చూస్తూ పడుకొని ఉంటుంది. ఆ తలుపులోంచి అవ్వ రాదు. తన వల్లనే రాదు. కృత్తికకు ఏడుపు కూడా రావడం లేదు.

పంకజవల్లి అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. గోడ దగ్గరికి పోయి, మేకుల వరసలోంచి ఒక తాళంచెవి తీసింది.

"పొద్దున పోతా పోతా ఇచ్చిపోయినారు. సాయంత్రం పిల్లికి పాలు పోయమని."

నాన్న చటుక్కున చేయి చాచాడు. ఆమె ఇవ్వలేదు. "ఉండు రామ్‌కుమార్. పాలు పోయడానికి ఇచ్చిన బీగంచెవి ఇది. వస్తువు ఎత్తుకోవడానికి వాళ్ళను అడగాల." బోడినాయకనూరికి ఫోన్ చేసింది. అవతల మేళం మోగుతోంది. రెండుసార్లు అరిచి విషయమంతా చెప్పి, సరేనని విన్నాకే తలుపు తెరిచింది.

కృత్తిక అందరికన్నా ముందు తలుపు మూలకు వెళ్ళి వంగింది. వంగి, ఒక్క గెంతు వెనక్కి గెంతింది.

"అవ్వా! సంచి కదులుతోంది!"

సంచి నిజంగానే కదులుతోంది. లోపల్నుంచి మణి తల బయటపెట్టి బుస్సుమంది. దాని పొట్ట పక్కన, బిడ్డకని పెట్టిన మెత్తటి చీర ముక్కల మీద, ఇంకా కళ్ళు తెరవని నాలుగు పిల్లికూనలు!

అందరూ నోళ్ళు తెరిచారు. నాన్న గుండె మాత్రం ఆగినంత పనైంది. పిల్లి ఎదురొస్తే బజారుకు పోవడమే మానేసే మనిషి అవ్వ. ఇప్పుడు పయనం సంచిలోనే పిల్లి! ఒకటి కాదు, అయిదు!

అవ్వ వంగి చాలాసేపు చూసింది.

"అడ్డం వస్తేనే కదా అపశకునం?" అంది చివరికి. "ఇది యాడికీ రాలేదు, పడుకొని ఉండాది. తల్లీ పిల్లలూ సుఖం. నా పరమేశ్వరికీ ఇట్లే సుఖంగా అవుతుంది. కార్డు తీయండిరా, పోదాం!"

మణి కృత్తికను బాగా ఎరుగును. "మణీ, మణీ" అంటూ కృత్తిక మెల్లగా గుడ్డల అడుగుకు చేయి పోనిచ్చింది. పిల్లి కొంచెం గీరింది కానీ కార్డు బయటికొచ్చింది. పసుపుకొమ్ము కూడా వచ్చింది. చీరా గుడ్డలూ మాత్రం బాలింతకే వదిలేశారు.

"బిడ్డను చుట్టడానికి ఒక్క గుడ్డయినా లేకపోయెనే," అని అవ్వ గొణిగింది. గడప దాటాక తిరిగి ఇంట్లోకి పోకూడదు మరి.

పంకజవల్లి అత్త తన ఇంట్లోకి పోయింది. కింద పడేసిన బట్టల్లోంచి ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీర ఒకటి తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది.

అవ్వ ఆ చేయి వదల్లేదు. "పంకజం, నోరు జారినాను. ఆ మాట అని ఉండకూడదు."

"ఇప్పుడు పోయి రా అక్కా. వచ్చినాక పోట్లాడుకుందాం," అంది పంకజవల్లి అత్త. నవ్వబోయింది కానీ నవ్వు సగమే వచ్చింది.

కారు కదిలింది. అది వీధి చివర మలుపు తిరిగేదాకా కృత్తిక అమ్మ చేయి ఊపి వెనక్కి తిరిగేసరికి కూతురు పక్కన లేదు. ఎదురింట్లో నేల మీద కూర్చొని, చెదిరిన బియ్యాన్ని చేటలోకి ఎత్తుతోంది. పంకజవల్లి అత్త వద్దనలేదు, రమ్మనలేదు. కాసేపటికి తనూ ఎదురుగా కూర్చొని రాళ్ళు ఏరసాగింది.

మంగళవారం కృత్తిక బడినుంచి వచ్చేసరికి ముంబైనుంచి ఫోటో వచ్చింది. ఆడపిల్ల! పంకజవల్లి అత్త చీరలో ముక్కు మాత్రం కనిపించేలా చుట్టి ఉంది. ఫోటో చూపించడానికి కృత్తిక ఎదురింటికి పరిగెత్తింది.

అత్త ఫోటోను తనివితీరా చూసింది. తరువాత గోడ దగ్గరికి పోయి మేకునుంచి తాళంచెవి తీసి, ఒక్క క్షణం ఆగింది. ఆగి, కృత్తిక చేతిలో పెట్టింది.

"పాలు పోసి రా."

కృత్తిక దాన్ని పిడికిట్లో గట్టిగా పట్టుకొని పోయింది. తిరిగొచ్చి గేటు దగ్గర పిలిచింది. లోపల మోటారు బుర్రుమంటోంది. జవాబు లేదు. కృత్తిక అక్కడే నిలబడింది. వీధిలో పిల్లలు ఆటకు పిలిచారు. వెళ్ళలేదు. మోటారు ఆగాక మళ్ళీ పిలిచింది.

అత్త తలుపు తీసింది. అడగకముందే కృత్తిక తాళంచెవి ఆమె చేతికిచ్చి చెప్పడం మొదలుపెట్టింది.

"పాలు గిన్నెలో పోసినాను అత్తా. సగం కింద ఒలికిపోయినాయి, తుడిచినాను. ఒక పిల్లను ముట్టుకున్నాను, మీరు ముట్టుకోమని చెప్పలేదు. తాళం వేసి రెండుసార్లు లాగి చూసినాను."

పంకజవల్లి అత్త ఈసారి పూర్తిగా నవ్వింది.

"ఏ పిల్లను?"

"తెల్లదాన్ని," అంది కృత్తిక. కాస్త ఆలోచించి, "నల్లదాన్ని కూడా," అంది.