వంక పెట్టడానికో చోటు

నేతపెట్టె టింగుమని మూత తెరుచుకునేసరికి హైమవతికి కావలసిన చీరే అందులో ఉంది, రోజూ ఉన్నట్టే. చిలకాకుపచ్చ, సన్నని జరీ. నిద్రలో ఆమె మనసు ఏ రంగు మీదకు పోయిందో మణికట్టు మీది ఇంగితి అనే మనసు చదివే పట్టీ పసిగట్టింది, తెల్లారేలోగా పెట్టె నేసేసింది. రాజమహేంద్రవరంలో ఇప్పుడు ఇంటింటా ఇదే తంతు. బజారుకు వెళ్ళి బట్టలు కొనడం జనం మరిచిపోయి పన్నెండేళ్ళయింది.

ఆ పన్నెండేళ్ళూ ఆవిడ ముక్తేశ్వర వస్త్రాలయం షేర్లు పట్టుకునే కూర్చుంది. పంతులమ్మ ఉద్యోగంలో కూడబెట్టిందంతా వాటిలోనే ఉంది. ఆరువందలకు కొన్న షేరు ఆరు రూపాయలకు దిగినా, "లేస్తుంది, చూస్తూండండి" అనడం మానలేదు.

"మునిగిన పడవలో కూర్చుని తెడ్డు వెతుక్కోవడమంటే ఇదే," అన్నాడు భర్త తారకం కాఫీ తాగుతూ. "ఆ కొట్లని గోదాములు చేసుకుందామని ఓ కంపెనీవాళ్ళు షేరుకి ఎనిమిదిస్తామంటున్నారు. సాయంత్రం అయిదు దాటితే అదీ లేదు, చిత్తుకాగితాలే. ఇప్పుడైనా అమ్మేయవే, నీకు పుణ్యముంటుంది!"

ఇంగితిదీ అదే పాట. "అమ్మకానికి మీ మనసు సగం ఒప్పుకుంది," అంది ఎర్రగా వెలుగుతూ. ఆ మిగిలిన సగాన్ని ఒప్పించుకోవడానికే హైమవతి చెప్పులేసుకుంది. ఒక్కసారి కొట్టు కళ్ళారా చూసి అమ్మేస్తానంటూ, మధ్యాహ్నం భోజనం కాగానే మెయిన్ రోడ్డుకు బయల్దేరింది.

బూజుపట్టిన కొట్టు చూడబోతున్నాననుకుంది. తీరా వెళితే గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట! లోపల తెల్లటి పరుపుల మీద పెళ్ళివారు, ఆడా మగా, కిక్కిరిసి కూర్చుని, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"ఆ అంచేంటండీ తాడులాగ! మా పిల్లకి ఇదా?"

"మీ వైపువాళ్ళ సోకులు మాకు తెలీవేంటి వదినగారూ!"

గుమాస్తా చెమటలు కక్కుతూ చీర మీద చీర విప్పి పరుస్తున్నాడు. "ఆయ్, ఇది చూడండమ్మా, ఇంకోటి చూడండి!"

"ఇంట్లో నేతపెట్టె లేదాండీ?" అని హైమవతి పక్కనున్న పెళ్ళికూతురి తల్లిని అడిగింది.

"లేకేం! మా పెద్దదాని పెళ్ళికి అదే నేసింది. ఒక్క వంక పెట్టడానికి లేదు. రెండు వైపులవాళ్ళమూ బొమ్మల్లా కూర్చుని లేచొచ్చాం. నాలుగేళ్ళయినా ఆ వియ్యపురాలి గొంతెలా ఉంటుందో నాకు తెలీదంటే నమ్మండి! అందుకే రెండోదానికి అందరం కలిసి ఇక్కడే తీస్తున్నాం. మాఘం దాకా ఈ పరుపులన్నీ ముందే రాయించేసుకున్నారంట జనం. అన్ని ఊళ్ళలో వీళ్ళ కొట్లూ ఇంతేనంట."

హైమవతి మనసు గంతులేసింది. ఇంగితికి ఒక్కొక్కరి ఇష్టం తెలుసు. నలుగురూ కలిసి ఒకదాన్ని వద్దనుకోవడంలో పుట్టే చనువు సంగతి దానికి తెలియదు.

ఎవరో ఒక చీర తెచ్చి ఆమె ఒళ్ళో పడేశారు. "బయటివారు, మీరు చెప్పండి. ఎలా ఉంది?"

"బాగాలేదు," అంది హైమవతి. అలా అనడం ఎంత హాయిగా ఉందో! అంతా ఘొల్లున నవ్వారు. ఆమె పరుపెక్కి కూర్చుంది.

నాలుగున్నరకు తారకం రొప్పుతూ వచ్చాడు. "అమ్మావా?"

"అమ్మను. జనాన్ని చూడండి."

"ఒక్కరోజు తిరనాళ్ళు చూసి మురిసిపోతావా? అరగంటే ఉందే హైమా!"

పెళ్ళికొడుకు తల్లి మధ్యలో అందుకుంది. "అన్నయ్యగారూ, పెళ్ళికూతురికి ఈ కనకాంబరం రంగు ఎలా ఉంటుందంటారు?"

తారకాన్ని ఎవరైనా అభిప్రాయమడిగి ఎన్నాళ్ళయిందో. ఆయన తడబడ్డాడు. తరవాత చీర అందుకుని వెలుగులో పెట్టి చూశాడు. "వెలిసిపోయినట్టుంది. పండుమిరప రంగు తియ్యవయ్యా!"

"మీకేం తెలుసండీ రంగుల సంగతి?" అంది హైమవతి.

"తెలీకేం? నీ పెళ్ళిచీర తీసింది నేనేగా!"

హైమవతి నోరు తెరిచింది. "ఆ గచ్చకాయ రంగు చీర మీరా? అత్తయ్యగారనుకుని ముప్పై ఏళ్ళుగా ఆవిణ్ణి తిట్టుకున్నానే!"

"నచ్చలేదా? ఒక్కనాడూ అనలేదేం?"

"కొత్త పెళ్ళికూతుర్ని, ఎలా అంటానండీ?"

పరుపంతా పగలబడి నవ్వింది. మణికట్టు మీద ఇంగితి కంగారుగా మోగుతుంటే హైమవతి దాన్ని విప్పి సంచీలో పడేసింది. వాదన పండుమిరప నుంచి వంగపండు రంగుకు, అక్కణ్ణుంచి జరీకి పాకింది.

"అయిదు దాటిపోయిందే!" తారకం గోడగడియారం చూసి అదిరిపడ్డాడు. తన ఇంగితిలో ధర వెతికాడు. "హైమా... పదిహేడు! పదిహేడయిందే! కొట్లలో రద్దీ కబురు పాకి అందరూ కొంటున్నారంట!"

"చెప్పానా!" ఆనందంతో ఆమె కళ్ళు చెమర్చాయి.

"ఆరువందలకి ఇంకా చాలా దూరముందిలే," అన్నాడాయన గొణుగుతూ, కానీ మొహం వెలిగిపోతోంది. గుమాస్తా వైపు తిరిగాడు. "మా ఆవిడకొకటి చూపించవయ్యా. ఇదిగో, ఈసారి నచ్చకపోతే నా మొహాన్నే చెప్పాలి."

గుమాస్తా ఒక చీర తీశాడు.

"అది వద్దు," అంది హైమవతి, మడత విప్పకముందే.